రెండు తలుపుల నడుమ ముప్పై ఒక్క ఏళ్లు

పంతొమ్మిది వందల తొంభై మూడు, జూన్ పద్నాలుగు, సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు మన ఆసుపత్రి హాజరు పట్టీలో ఒక కొత్త సంతకం పడింది. అక్షరాలు చిన్నవి, నిటారుగా ఉన్నాయి, కింద గీత లేదు. ఆ సంతకం చేసినవారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ సంతకం మారలేదు. దాన్ని చేసిన మనిషి మారారు. ఎలా మారారో, ఎవరి మూలంగా మారారో చెప్పడం ఈ వ్యాసం పని.

హోదా రీత్యా వారు ఈ సంస్థలో సీనియర్ కౌన్సెలర్. రోగులు పెట్టిన పేరు మాటలమ్మ. మందుల కిటికీలో కూర్చునే ఆమె మందులమ్మ, సూదులు వేసే ఆమె సూదులమ్మ అయినప్పుడు, మాత్రా సూదీ ఏదీ ఇవ్వకుండా ఎదురుగా కూర్చోబెట్టుకుని ముప్పావుగంట మాట్లాడి పంపే ఈమె మాటలమ్మ కాక ఇంకేమవుతారు? మొదట్లో ఆ పేరు ఎగతాళికి పుట్టింది. తర్వాత దానికి చివర ‘గారు’ చేరింది. ఎప్పుడు చేరిందో ఎవరూ గమనించలేదు.

ఈ వ్యాసకర్త అదే ఆసుపత్రిలో రికార్డు గది గుమాస్తా. పల్లెటూరి బడిలో చదివినవాడు. సన్మాన సంచిక కమిటీ వారు ఇది రాయడానికి మాటలమ్మ గారి ముందు ఇద్దరు డాక్టర్ల పేర్లు, ఒక ప్రొఫెసరు గారి పేరు పెట్టారు. ఆమె ఆ ముగ్గురినీ కాదని రికార్డు గది కిటికీ దగ్గరకు వచ్చి నిలబడ్డారు.

“ఏమండీ, నా గురించి మీరు రాయాలి.”

“నాకు పొగడడం రాదు.”

“అందుకే అడుగుతున్నాను.”

“రాస్తే తొంభై ఏడు సంగతి రాస్తాను. దాచను.”

“రాయండి. అది తీసేస్తే ఇంక రాయడానికేముంది, హాజరు పట్టీ చూసి కాపీ చేసుకోండి.”

“మీ ఇంట్లోవాళ్లు చదువుతారు.”

“మావారికి ఆ రోజే చెప్పాను. పిల్లలకి ఇప్పుడు తెలుస్తుంది. తెలియనివ్వండి.”

కాబట్టి చదివేవారికి ఒక మాట ముందే చెప్పాలి. తొంభై ఏడులో జరిగినదానికి ఈ వ్యాసకర్త వారిని క్షమించలేదు. అది వారికి తెలుసు. వారు క్షమాపణ అడిగినవారు కూడా కాదు. ఇన్నేళ్లలో వారు కోరింది ఒక్కటే, “ఒక్కసారి వచ్చి పన్నెండో గదిలో కూర్చోండి” అని. రికార్డు గదికి పన్నెండో గది నలభై అడుగుల దూరం. ఈ వ్యాసకర్త ఆ నలభై అడుగులూ వేయలేదు.

*

కొత్తగా చేరినవారి కోసం ఆ రోజుల్లో ఆసుపత్రి ఎలా ఉండేదో చెప్పాలి. కింది అంతస్తులో ఇప్పుడున్న పొడుగాటి వరండాయే అప్పుడూ ఉంది. ఎడమ చివర ఒక తలుపు, మానసిక వైద్య విభాగం. కుడి చివర ఒక తలుపు, వ్యసన విముక్తి విభాగం. ఎడమ తలుపు వారివి నీలం ఫైళ్లు. కుడి తలుపు వారివి ఎర్ర ఫైళ్లు. ఒక మనిషికి ఒక సమయంలో ఒక్క ఫైలే ఉండాలన్నది నియమం. ఎర్రది తెరిస్తే నీలం మూయాలి. నీలం తెరిస్తే ఎర్రది మూయాలి. మూసిన దాని మీద ‘ముగిసింది’ అని ముద్ర వేయాలి. ఆ ముద్ర రికార్డు గదిలో ఉండేది.

మనిషికి జబ్బులు వరస పెట్టి ఒకటి పోయాక ఒకటి వస్తే ఆ నియమం బాగానే ఉండేది. కానీ చెవిలో గొంతులు వినిపిస్తున్నాయని తాగేవాడు ఉంటాడు. తాగినందువల్ల గొంతులు పెరిగేవాడు ఉంటాడు. వాడే వీడు. అలాంటివాడు ఎడమ తలుపు దగ్గరకు వెళితే, “ముందు తాగుడు మాని రా, అప్పుడు నీ మనసు సంగతి చూద్దాం” అనేవారు. కుడి తలుపు దగ్గరకు వెళితే, “ముందు నీ మనసు కుదుటపడనీ, అప్పుడు తాగుడు సంగతి చూద్దాం” అనేవారు. రెండు వైపులా చదువుకున్నవారే. రెండు వైపులా మర్యాదగానే చెప్పేవారు. వరండా తుడిచే ఆయా మాత్రం చీపురు ఆపి అడిగేది, “వీళ్లనిట్టా అటూ ఇటూ తిప్పుతుంటే నడక జబ్బొకటి కొత్తగా పట్టుకోదూ? దానికి ఏ రంగు ఫైలు పెడతారు?” అని. ఆ ఆయాకు పెద్ద ఉద్యోగం ఇవ్వవలసింది. ఎవరూ ఇవ్వలేదు.

మాటలమ్మ గారు కుడి తలుపు లోపల చేరారు. చెక్క అడ్డం వెనక ఒక బల్ల, రెండు కుర్చీలు. గోడకు ఏడు నియమాల బోర్డు. అందులో మూడోది ఇలా ఉండేది: ‘మత్తులో ఉన్నవారితో ఆ రోజు మాట్లాడరాదు. వెనుకకు పంపవలెను.’ ఆ నియమానికి కారణం లేకపోలేదు. మత్తులో ఉన్నవాడికి చెప్పిన మాట నిలవదు, వాడు చెప్పిన మాటా నిలవదు. ఆమెకు అప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. కొత్త చదువు, కొత్త ఉద్యోగం, నిమిషం ఆలస్యం కాని మనిషి. ఏడు నియమాలనూ ఏడు రోజుల్లో కంఠస్థం చేశారు. సూపరింటెండెంటు గారు మిగిలినవాళ్లకు ఆమెను చూపించి, “పనంటే అలా చెయ్యాలి” అనేవారు. నాలుగేళ్లపాటు వారి మీద ఒక్క ఫిర్యాదు లేదు.

ఆ నాలుగేళ్లూ వారు ఈ వ్యాసకర్తను ‘అన్నయ్యగారూ’ అని పిలిచేవారు. ఫైలు కావాలంటే చీటీ పంపకుండా తామే వచ్చేవారు. “అన్నయ్యగారూ, మీ గదిలో వెతుక్కోవడమనే మాటే ఉండదు కదా” అని నవ్వేవారు. అది నిజమే. రికార్డు గదిలో కాగితం తప్పిపోవడం ఎరగరు. ఆ మాటకు ఈ వ్యాసకర్త పొంగిపోయేవాడు.

*

ఈ వ్యాసకర్త భార్యకు పెళ్లయిన రెండో ఏడు నుంచే దిగులు జబ్బు ఉండేది. నెలలకు నెలలు మంచం దిగేది కాదు. ఇంకొన్నాళ్లు నిద్రే ఉండేది కాదు, తోమిన గిన్నెలే మళ్లీ తోమేది, పక్కింటివాళ్ల గుమ్మం కూడా కడిగేది. నీలం ఫైలు ఆరేళ్లు నడిచింది. నిద్ర కోసం ఇచ్చిన మాత్రలు అలవాటయ్యాయి. ఒకటి రెండైంది, రెండు నాలుగయ్యాయి. అప్పుడు ఎడమ తలుపు డాక్టరు గారు ఆమెను కుడి తలుపుకు రాసి పంపారు. నియమం ప్రకారం నీలం ఫైలు మూయాలి.

మూసింది ఈ వ్యాసకర్తే. తన భార్య ఫైలు మీద ‘ముగిసింది’ అని తన చేత్తో ముద్ర వేశాడు. సిరా అలుక్కుపోకుండా ఆరేదాకా ఊదాడు.

కుడి తలుపు లోపల ఆమెను మాటలమ్మ గారు రెండుసార్లు చూశారు. ఇంటికొచ్చి భార్య అంది, “ఆ అమ్మాయి మంచిదండీ. మధ్యలో అడ్డం రాదు. మీలాగ వాక్యం పూర్తి చేసెయ్యదు.” మూడోసారి రావలసింది ఆగస్టులో ఒక గురువారం. ఉదయం పదకొండు. ఆమె భర్తకు చెప్పకుండా ఒక్కతే వచ్చింది. కనురెప్పలు బరువుగా ఉన్నాయి. రెండు కాళ్లకూ వేరువేరు చెప్పులు. అప్పుడు జరిగిన మాటలు ఫైలులో ఉన్నాయి. మాటలమ్మ గారే రాశారు.

“మాత్రలు వేసుకుని వచ్చారా?”

“రెండే అమ్మా. రాకుండా పడుకుందామనుకున్నాను. మళ్లీ లేచి వచ్చాను.”

“ఇవాళ కుదరదండీ. ఎల్లుండి వేసుకోకుండా రండి. తీరిగ్గా మాట్లాడుకుందాం.”

“మాట్లాడద్దులే. కాసేపు కూర్చుని పోతాను.”

“ఇక్కడ కూర్చోకూడదండీ, వేరేవాళ్లు వస్తారు.”

ఆమె కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. వరండాలో రికార్డు గది ముందునుంచే వెళ్లింది. లోపల ఆమె భర్త తల వంచుకుని ఎవరి ఫైళ్లకో నంబర్లు వేస్తున్నాడు. మరునాడు సాయంత్రానికి ఆమె లేదు. తనంతట తానే వెళ్లిపోయింది. చెప్పిన ‘ఎల్లుండి’కి ఇంట్లో జనం ఉన్నారు.

ఇలాంటప్పుడు ఫైలులో రాయడానికి ఒక అలవాటైన వాక్యం ఉంది: ‘రోగి మత్తులో వచ్చి వెళ్లిపోయినది.’ దానివల్ల ఎవరికీ ఇబ్బంది ఉండదు. మాటలమ్మ గారు ఆ వాక్యం రాయలేదు. జరిగిన మాటలన్నీ రాసి, కింద ఇలా రాశారు: ‘కాసేపు కూర్చుంటానని అడిగినది. నేను పంపివేసితిని.’ సూపరింటెండెంటు గారు పిలిపించారు. ఆ గది తలుపు దగ్గర ఫైళ్లు పట్టుకుని నిలబడ్డ ఆయా విన్నది విన్నట్టు చెప్పింది.

“ఆ చివరి వాక్యం మార్చమ్మా. నువ్వు నియమం ప్రకారమే చేశావు.”

“నియమం ప్రకారమే చేశాను సార్.”

“మరింకేం?”

“ఆవిడ వెళ్లిపోలేదు సార్. నేను పంపించాను. రెండూ ఒకటి కాదు.”

“నీ ఉద్యోగానికే మచ్చ ఇది. ఆలోచించుకో.”

“ఆలోచించే రాశాను సార్.”

ఆ మచ్చ వల్ల వారి పదోన్నతి రెండుసార్లు ఆగింది. అది వారు ఎవరికీ చెప్పుకోలేదు. కాగితాలు రికార్డు గదికే వస్తాయి కాబట్టి ఈ వ్యాసకర్తకు తెలుసు.

ఆ ఫైలూ రికార్డు గదికే వచ్చింది. సెలవు ముగించుకుని వచ్చిన రోజు బల్ల మీద అన్నిటికంటే పైన అదే ఉంది. ఆ గురువారం తన భార్య ఆసుపత్రికి వచ్చిందని, తనకు ఇంత దగ్గరలో నిలబడిందని, కూర్చుంటానని అడిగిందని భర్తకు అప్పుడే తెలిసింది. మధ్యాహ్నం మాటలమ్మ గారు కిటికీ దగ్గరకు వచ్చారు.

“అన్నయ్యగారూ...”

“ఆ పిలుపు వద్దు.”

ఆమె నిలబడే ఉన్నారు. అప్పుడు ఈ వ్యాసకర్త ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. “కూర్చుంటే మీ కుర్చీ అరిగిపోయేదా?”

వారు తిరిగి వరండాలోకి నడిచారు. ఆ రోజు నుంచి వారు ఈ వ్యాసకర్తను ‘ఏమండీ’ అని పిలుస్తున్నారు. ఇరవై ఏడేళ్లు ‘ఏమండీ’తోనే గడిచాయి.

*

ఆ తర్వాత వారు చేసినదంతా ఆ ప్రశ్నకు జవాబే. ఇది ఈ వ్యాసకర్త ఊహ కాదు, వారే ఒకసారి శిక్షణ తరగతిలో చెప్పారు.

మొదట సెలవు పెట్టి దూరపు ఊరు వెళ్లి, వ్యసనమూ మానసిక వ్యాధీ కలిసి ఉన్నవారికి చేసే మాటల చికిత్సలో ఆరు నెలలు శిక్షణ పొందారు. ఇంట్లో అప్పుడు చిన్నపిల్ల. పిల్లను అత్తగారి దగ్గర విడిచి వెళ్లారు. తిరిగొచ్చి ఎడమ విభాగాధిపతినీ కుడి విభాగాధిపతినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి ఏడాదిన్నర తిరిగారు. ఇద్దరూ ఒకరి గదికి ఒకరు వెళ్లరు, అది పరువు సంగతి. చివరికి వారిద్దరినీ మెట్ల కింద టీ కాసే చోట పట్టుకుని అక్కడే నిలబెట్టి మాట్లాడించారు. “వాడికి తల ఒక్కటే ఉంది సార్. మీరు సగం, ఆయన సగం పంచుకుంటే మధ్యలో ముక్కు ఎవరికివ్వమంటారు?” అని అడిగారట. ఇద్దరూ నవ్వారట. నవ్విన మనిషికి కాదనడం కష్టం.

వరండా సరిగ్గా మధ్యలో విరిగిన మంచాలు పడేసే గది ఒకటి ఉండేది. పన్నెండో నంబరు. దాన్ని అడిగి తీసుకున్నారు. ఆయా, వారు కలిసి రెండు రోజులు కడిగారు. అందులో రెండు పేము కుర్చీలు వేయించారు. ఎదురెదురుగా కాదు, కాస్త వాలుగా, కిటికీ వైపు చూసేలా. “ఎదురుగా కూర్చుంటే పోలీసు స్టేషన్లా ఉంటుంది. పక్కపక్కన కూర్చుంటే బస్సులా ఉంటుంది. ఇట్లా ఉంటే ఇద్దరూ ఒకటే కిటికీ చూడొచ్చు” అనేవారు.

రెండు వేల సంవత్సరం జనవరిలో ఒక రోజు రికార్డు గది కిటికీలోకి రెండు ఫైళ్లు వచ్చాయి. ఒకటి నీలం, ఒకటి ఎర్రది. రెండింటి మీదా ఒకటే పేరు.

“ఏమండీ, ఈ రెండూ ఒకే దారంతో కట్టగలరా?”

“నియమం ఒప్పుకోదు.”

“నియమం ఒప్పుకోదని నాకూ తెలుసు. మీరు ఒప్పుకుంటారా?”

ఈ వ్యాసకర్త రెండు ఫైళ్లూ అంచులు కలిపి పెట్టాడు. తర్వాత దబ్బనంతో రెండింటికీ కలిపి చిల్లు పొడిచి, తెల్ల దారం ఎక్కించి ముడి వేశాడు. ‘ముగిసింది’ ముద్రను సొరుగులో పెట్టి తాళం వేశాడు. వారంలోపల ఇద్దరికీ చెరొక మెమో వచ్చింది. ఇద్దరమూ జవాబులు రాశాం. విడివిడిగా రాశాం, కూడబలుక్కోలేదు. జవాబు మాత్రం ఒకటే వచ్చింది: ‘మనిషి ఒక్కడే కనుక.’

*

వారి పని ఎలా ఉండేదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. రెండు వేల నాలుగులో ఒక దర్జీ వచ్చేవాడు. చేయి తిరిగిన పనివాడు. అతనికి చెవిలో ఒక గొంతు వినిపించేది, ‘కొలతల దొంగా’ అని తిట్టేది. దాని నోరు మూయించడానికి తాగేవాడు. తన కథ ఇప్పుడు తనే అందరికీ చెప్పుకుంటాడు, రాయమని తనే అన్నాడు. అందుకే ఇక్కడ రాయడం.

మాటలమ్మ గారు ‘ఎందుకు తాగుతావు’ అని ఎవరినీ అడగరు. “ఆ ప్రశ్న వాళ్ల ఇంట్లో రోజూ అడుగుతారు, జవాబు కూడా అరిగిపోయి ఉంటుంది” అంటారు.

“తాగితే ఆ గొంతు ఊరుకుంటుందా?” అని అడిగారు దర్జీని.

“ఊరుకుంటుందమ్మా. ఒక గంట.”

“తరవాత?”

“తరవాత చుట్టాలందర్నీ వెంటేసుకుని వస్తుంది.”

వారు నవ్వలేదు. “అయితే ఒకర్ని పంపడానికి పదిమందిని పిలుస్తున్నారన్నమాట” అన్నారు. దర్జీ ఆ మాట ఇంటిదాకా మోసుకుపోయాడు. మరోసారి అడిగారు, “మానాలని ఎంత ఉంది? పదికి ఎన్ని వేసుకుంటారు?”

“మూడు.”

“ఒకటి ఎందుకు కాదు?”

“ఒకటంటే మీరు బాధపడతారని.”

“నన్ను పక్కన పెట్టండి. మీ మూడులో ఏముంది?”

దర్జీ కిటికీ వైపు తిరిగాడు. “ఒకటి మా ఆవిడ. రెండోది నా చెయ్యి. వణుకుతోందమ్మా, గుండీకి కాజా కుట్టలేకపోతున్నాను. మూడోది... మూడోది ఊరికే వేశాను.”

“ఊరికే వేసినా వేశారుగా. ఉంచుకుందాం.”

మానడం అంటే ఒకసారి మాని ఊరుకోవడం కాదు. దర్జీ రెండుసార్లు జారిపడ్డాడు. రెండోసారి ఉదయం పూట తూలుతూ వచ్చి పన్నెండో గది గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. “పంపెయ్యండమ్మా, తాగే వచ్చాను” అన్నాడు. మాటలమ్మ గారు లేచి కుర్చీ కాస్త జరిపారు.

“ఇవాళ మాట లేదు. కుర్చీ ఉంది. కూర్చోండి.”

కూర్చున్నాడు. పావుగంటలో గుర్రు పెట్టాడు. తలుపు తీసే ఉంది, ఆ గుర్రు రికార్డు గదిదాకా వినిపించింది. ఎడమ తలుపు నుంచి ఒక డాక్టరు గారు వచ్చి చూసి, “ఇది ఆసుపత్రా, సత్రమా?” అని అడిగారు. “నిద్రపోతున్నాడు సార్, మెల్లగా తిట్టండి” అన్నారు మాటలమ్మ గారు. ఆ ముప్పావుగంటా తన కుర్చీలోంచి ఆమె లేవలేదు. చేతిలో కాగితం కూడా పట్టుకోలేదు. దర్జీ లేచి, మూతి తుడుచుకుని, కిటికీ పరదా అంచు ఊడి వేలాడుతోందని గమనించాడు. “ఇదెవరు కుట్టారమ్మా, చెయ్యి విరిచెయ్యాలి” అన్నాడు. మరునాడు సూదీ దారం తెచ్చి వణికే చేత్తోనే దాన్ని కుట్టాడు. వంకరగా వచ్చింది. ఆ వంకర కుట్టు ఈ రోజుకీ అలాగే ఉంది. తర్వాత చెయ్యి కుదిరాక విప్పి సరిగ్గా కుడతానన్నాడు. మాటలమ్మ గారు ఒప్పుకోలేదు.

అందరూ దర్జీలు కారు. రికార్డు గది ఎవరినీ మొహమాటపెట్టదు. ఒకే దారంతో కట్టిన మొదటి నూరు జతలలో ఏడాది దాటి వచ్చినవారు ముప్పై నలుగురు. చనిపోయినవారు పంతొమ్మిది మంది. మిగిలినవారు ఏమయ్యారో తెలియదు. ఆ పంతొమ్మిది ఫైళ్లలో ఒక్కదానిలో కూడా ‘వెళ్లిపోయెను’ అనే వాక్యం లేదు. ఏం జరిగిందో, తాము ఏం చేశారో, ఏం చేయలేకపోయారో అంతా వారి చేతిరాతలో ఉంది. కొత్తగా వచ్చే కౌన్సెలర్లకు మొదట ఆ పంతొమ్మిదీ చదవమని ఇచ్చేవారు. దర్జీ ఫైలు చివర ఇచ్చేవారు.

*

ఇంటి సంగతి కూడా ఒక మాట చెప్పాలి. రోజంతా మాటలు వినే మనిషి ఇంటికి వెళ్లాక నోరు మెదపరు. అత్తగారు బతికున్న రోజుల్లో గొడవ పెట్టేవారట, “ఊళ్లోవాళ్ల కష్టాలన్నీ వింటావే, నా మోకాలి నొప్పి వినవేమే?” అని. “చెప్పండత్తయ్యా, పదికి ఎంత నొప్పి?” అని ఈమె అడిగితే, “పదిహేను!” అనేవారట. మాటలమ్మ గారి భర్త రిటైరైన బస్సు డ్రైవరు. నెమ్మది మనిషి. “మా ఇంట్లో నేను మాట్లాడతాను, ఆవిడ ‘ఊఁ’ అని హారన్ కొడుతుంది” అంటారు. ఆ ఆరు నెలల శిక్షణప్పుడు పిల్లకు జడలు వేసింది ఆయనే. ఈ సన్మానంలో సగం ఆయనది.

రెండు వేల ఆరులో వారు విభాగ బాధ్యురాలయ్యారు. ఆలస్యంగా అయ్యారు. బాధ్యత తీసుకున్న రోజునే గోడ మీది ఏడు నియమాల బోర్డు దింపించి, మూడో నియమం చెరిపించి మళ్లీ రాయించారు. ఇప్పుడు అది ఇలా ఉంది: ‘మత్తులో వచ్చినవారికి ఆ రోజు మాట ఉండదు. కుర్చీ ఉంటుంది.’ పెయింటరు, “ఇది నియమంలా లేదు మేడం” అన్నాడట. “ఉండకపోతే మానె, రాయి” అన్నారట.

చనిపోయినవారి ఫైళ్లు పదిహేనేళ్లు దాటితే చింపివేయాలి. రెండు వేల పన్నెండులో ఈ వ్యాసకర్త ఆ జాబితా తయారు చేశాడు. విభాగ బాధ్యురాలిగా దాని మీద సంతకం వారిదే. వారు జాబితా మొత్తం వేలు పెట్టి చదివారు. ఒక నంబరు ఉండవలసిన చోట లేదు. వేలు అక్కడ ఆగింది. తల ఎత్తలేదు, అడగలేదు. కిందికి వెళ్లి సంతకం చేశారు. ఆ ఫైలు ఇప్పటికీ రికార్డు గదిలో ఉంది. నీలం ఒకటి, ఎర్రది ఒకటి. రెండూ ఒకే దారంతో కట్టి ఉన్నాయి.

*

ఈ వ్యాసం రాస్తూ ఈ వ్యాసకర్త ఒక చోట ఆగిపోయాడు. పన్నెండో గదిలో కుర్చీలు పేమువని విన్నాడు కానీ చూడలేదు. కిటికీలోంచి ఏం కనిపిస్తుందో తెలియదు. చూడనిది రాయడం రికార్డు గది అలవాటు కాదు. అందుకని పోయిన గురువారం ఉదయం కలం జేబులో పెట్టుకుని వరండాలోకి వచ్చి, ఆ నలభై అడుగులు వేశాడు. నలభై కాదు, ముప్పై ఎనిమిదే ఉన్నాయి.

తలుపు తీసే ఉంది. మాటలమ్మ గారు సొరుగులు ఖాళీ చేస్తున్నారు. చూసి ఆశ్చర్యపోయినట్టు కనిపించలేదు. చేతిలో ఉన్నవి బల్ల మీద పెట్టి, రెండో కుర్చీ మీది కాగితాలు తీశారు.

“ఏమండీ, ఇవాళ మాట ఉందా? కుర్చీ ఒక్కటేనా?”

“కుర్చీ ఒక్కటే.”

“సరే.”

కుర్చీలు పేమువే. చేతులు పెట్టుకునే చోట రెండు వైపులా పేము అరిగిపోయి నున్నగా, గోధుమ రంగుకు తిరిగింది. ఒక చోట తెగితే ఎవరో తాడు చుట్టారు. కూర్చున్న చోట గుంట పడింది. ఎంతమంది కూర్చుంటే అంత గుంట పడుతుందో లెక్క వేయలేము. కిటికీలోంచి సైకిళ్లు నిలిపే చోటు, ఒక కుళాయి, దాని పక్కన ఎండకు ఆరేసిన ఆసుపత్రి దుప్పట్లు కనిపిస్తాయి. పరదా అంచు వంకరగా ఉంది.

ముప్పావుగంట కూర్చున్నాడు. ఒకరిద్దరు గుమ్మందాకా వచ్చి తొంగి చూసి వెళ్లారు. ఆయా రిటైరై చాలా కాలమైంది, ఆమె కూతురు ఇప్పుడు అదే వరండా తుడుస్తోంది, చీపురు చప్పుడు దగ్గరకు వచ్చి దూరం వెళ్లింది. లేచేటప్పుడు మాటలమ్మ గారు, “వెళ్లిరండి అన్నయ్యగారూ” అన్నారు. ఈ వ్యాసకర్త గుమ్మం దగ్గర ఆగాడు. వద్దని అనలేదు. వచ్చి ఈ పేజీ రాశాడు.

కుర్చీ అరిగిపోయేదా అని అడిగిన ప్రశ్నకు జవాబు అందింది. అరిగిపోయింది. అరగదీసినవారు వారే, ఇంతమందిని పిలిచి కూర్చోబెట్టి.

క్షమించడం వేరే సంగతి. అది ఈ సంచిక అచ్చయ్యేలోపు అయ్యే పని కాదు. వారు రాసినదాన్ని వారు మార్చలేదు. ఈ వ్యాసకర్త కూడా పైన రాసినదాన్ని మార్చడు. కానీ కుర్చీ పని అయింది, మాట పని మిగిలి ఉంది. ఈ వ్యాసకర్త నిదానస్తుడు. నలభై అడుగులు నడవడానికి ఇరవై ఏడేళ్లు పట్టినవాడు మొదటి మాట ఆడడానికి ఎంతకాలం తీసుకుంటాడో చెప్పలేడు.

కనుక మాటలమ్మ గారు చాలా కాలం బతకాలి. మోకాళ్లు నొప్పి లేకుండా, చెవులు స్పష్టంగా వినిపిస్తూ, భర్త గారి మాటలకు హారన్ కొడుతూ, పిల్లల నడుమ నిండు ఆరోగ్యంతో బతకాలి. వారి ఇంటి వరండాలో రెండు కుర్చీలు వాలుగా వేసి ఉంచాలి. వాటిలో ఒకదాని మీద కాగితాలు పెట్టకూడదు.